వివరణాత్మక ఖో

ఆ ఏడు జాతీయ క్రీడల్లో మన రాష్ట్రం పదమూడు ఆటల్లో పాల్గొని పధ్నాలుగింట్లో ఓడిపోయింది. ఆ పధ్నాలుగోది ప్రారంభోత్సవం నాటి కవాతు. దానికి కూడా మార్కులుంటాయని మనవాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఇంత పరువు పోయాక పెద్దలు ఊరుకుంటారా? కమిటీ వేశారు. కమిటీవారు ఊరూరా తిరిగి, కాఫీలు తాగి, ఓడిపోయిన ఆటగాళ్లని ఒక్కొక్కళ్లనే పిలిచి ఎందుకు ఓడారని అడిగారు. "అవతలోళ్లు బాగా ఆడారండి" అన్నారు అందరూ. ఈ కారణం రాసుకోవడానికి కమిటీవారి కాగితంలో గడి లేదు. ఉన్న గడుల్లో కాస్త గౌరవంగా కనిపించింది ఒక్కటే: 'శిక్షకులకు, క్రీడాకారులకు మధ్య సంభాషణా లోపము'. దాని మీద టిక్కు పెట్టారు. ఆ టిక్కులోంచి రాష్ట్ర క్రీడా సంభాషణాభివృద్ధి మండలి పుట్టుకొచ్చింది. దానికో భవనం, తొమ్మిదిమంది సభ్యులు, మూడు కార్లు కూడా పుట్టాయి.

మండలి మొదటి ఉత్తర్వు తుమ్మలరేవు బాలికల హైస్కూలుకి చేరేసరికి డ్రిల్లు టీచరు మేడిశెట్టి భ్రమరాంబ గ్రౌండులో సున్నం గీతలు గీయిస్తోంది. 'ప్రతి శిక్షకుడు లేక శిక్షకురాలు తన జట్టులోని ప్రతి ఒక్కరితోను దినమునకు ఇరువది నిమిషములకు తగ్గకుండా సంభాషింపవలెను.' చదివి, మడిచి, పర్సులో పెట్టుకుంది.

భ్రమరాంబకి మాటలు రాక కాదు, అవసరం పడక. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా ఫోనులో ఆవిడ గొంతు మొగుడు గుర్తుపట్టలేడని ఊళ్లో చెప్పుకుంటారు. అది కొంచెం కోసిన కోతే. కానీ ఆవిడ ఖోఖో జట్టు వరసగా నాలుగేళ్లు జిల్లా కప్పు పట్టుకొచ్చిన మాట మాత్రం నిజం. గీత పక్కన నిలబడి ఆవిడ "ఊ" అంటే జోరు పెంచమని, దగ్గితే జాగ్రత్తపడమని, ఏమీ అనకపోతే ఆట బాగుందని. పిల్లలకి అంతకంటే అక్కర్లేకపోయింది. అసలు ఖోఖో అంటేనే మాటల పొదుపు. ఎనిమిదిమంది వరసగా, ఒకరు ఇటూ ఒకరు అటూ మొహం పెట్టి గొంతుకూర్చుంటారు. తొమ్మిదో పిల్ల ప్రత్యర్థిని తరుముతుంది. తనకి అందకపోతే కూర్చున్న పిల్ల వీపు తట్టి "ఖో" అంటుంది. ఆ పిల్ల లేచి తరుముతుంది, ఈ పిల్ల అక్కడ కూర్చుంటుంది. ఆటంతా కలిపి ఒక్కటే మాట, అదీ ఒక్క అక్షరం.

అయినా ఉత్తర్వు ఉత్తర్వే కదా. ఆ సాయంత్రం భ్రమరాంబ కుర్చీ వేసుకుని, కెప్టెన్ జయప్రసన్నని ఎదురుగా కూర్చోబెట్టి, గడియారం చూసింది. మొదటి మూడు నిమిషాలూ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తిన్నావా?" అంది భ్రమరాంబ.

"తిన్నానండి."

"ఏం కూర?"

"రొయ్యల పులుసండి. అమ్మ షెడ్డు నించి తెచ్చిందండి."

మళ్లీ ఒక నిమిషం గడిచింది. రొయ్యల షెడ్డు అనగానే ఏదో అడగాలనిపించి, "మీ అమ్మ చేతులు ఎలా ఉన్నాయి?" అంది.

"పగిలిపోయాయండి. రోజల్లా ఐసులో చేతులెట్టి ఒలవాలి కదండీ." జయప్రసన్న తన చేతులు చూసుకుంది. "వేసంగి నించి నన్నూ రమ్మంటన్నాడండి మేస్త్రి. పదో క్లాసు అయిపోతాది కదండీ. రాష్ట్రం పోటీల్లో గెలిస్తే ధ్రువపత్రం ఇస్తారంట కదండీ, దాంతో కాలేజీ సీటూ హాస్టలూ వస్తే చదువుకోమందండి అమ్మ. రాకపోతే షెడ్డేనండి."

భ్రమరాంబ నాలుగేళ్లుగా ఈ పిల్ల కాళ్లు చూస్తోంది గాని ఇంటి సంగతి ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది. మండలివాళ్ల మాటలో కాస్త నిజం ఉందేమోనని కూడా అనిపించింది.

"గెలుద్దాంలే అమ్మడూ" అంది.

అంతలో బాదం చెట్టు చాటు నుంచి ఒక సూటు బయటికొచ్చింది. సూటులో డాక్టర్ కందుల విశ్వంభరం గారున్నారు. ఆయన మండలి తరఫున జిల్లాకి వచ్చిన సంభాషణాధికారి. మెడలో గంటలాంటి పెట్టె ఒకటి వేలాడుతోంది. అది మాటల మీటరు.

"సంభాషణ పందొమ్మిది నిమిషములు. అందు క్రీడాసంబంధమైనది సున్న" అన్నారాయన మీటరు చూస్తూ. "రొయ్యల ప్రస్తావన మాత్రము వచ్చినది. మిక్కిలి చింతించుచున్నాను."

మర్నాడు ఆయన సాధన చూడటానికి కూర్చున్నారు. ఆ రోజు జయప్రసన్న గాలిలో తేలినట్టు ఆడింది. ఆయన ఆట చూడలేదు, మీటరే చూశారు.

"మేడమ్, నలుబది నిమిషములలో తమరు పదకొండు శబ్దములు వెలువరించితిరి. తొమ్మిది 'ఊ'లు, రెండు దగ్గులు. దగ్గును మండలి భాషగా గుర్తించలేదు."

"పిల్లలకి అర్థమవుతుందండి."

"అర్థమగుట వేరు, సంభాషణ వేరు. రెంటినీ కలపరాదు." ఆయన స్వరం తగ్గించారు. "మరియొక విషయము. ఆ బాలికలు వెనుకనుండి వచ్చి, పరిచయము లేక, కుశలప్రశ్న లేక, వీపుపై చరచి 'ఖో' అనుచున్నారు. ఇదేమి?"

"అది ఆటండి."

"కారణము చెప్పరు. అభిప్రాయము అడుగరు. లేచిన బాలిక తానెందులకు లేచెనో తెలియకయే పరుగెత్తుచున్నది. ఇంతటి నిరంకుశత్వము మన పాఠశాలలలో!" ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పాపం, నిజంగానే కళ్లు చెమర్చాయి.

పదిహేను రోజుల్లో 'వివరణాత్మక ఖో' ఉత్తర్వు వెలువడింది. ఇకపై ఖోకి నాలుగంగాలు ఉండాలి: సంబోధన, కారణము, అభ్యర్థన, కృతజ్ఞత. అందుకున్న పిల్ల దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పి, అంగీకారం తెలిపి, ఆ తరవాతే లేవాలి. అలా చేయని జట్టు పోటీకి అనర్హం. మండలివారే నమూనా కూడా పంపారు. అది పట్టుకుని జయప్రసన్న, వరసలో కూర్చున్న తోటి ఆటగత్తె రమ్య వెనక నిలబడి చదివింది.

"గౌరవనీయురాలైన సహక్రీడాకారిణి గారికి నమస్కారములు. ప్రత్యర్థి తమకు అభిముఖముగా మూడడుగుల దూరమున ఉన్నందున, తమరు లేచి తరుమవలసినదిగా సవినయముగా కోరుచు, తమ సహకారమునకు ముందుగా కృతజ్ఞతలు తెలుపుకొనుచున్నాను, ఖో."

"తమ ఖో అందినది" అంది రమ్య. "నేను లేవవలెనని గ్రహించితిని. సంతోషముతో లేచుచున్నాను."

లేచి చూస్తే తరమాల్సిన పిల్ల కుళాయి దగ్గర నీళ్లు తాగుతోంది. ఆ పిల్లతోపాటు బరిలోకి దిగిన మిగతా ఇద్దరూ జడలు అల్లుకుంటున్నారు.

అన్ని జిల్లాల్లోనూ ఇదే వరస. ఎవరూ ఎవరికీ దొరకడం లేదు, ప్రతి ఆటా సున్నా సున్నా. మండలి పత్రికలకి ప్రకటన ఇచ్చింది: 'సంభాషణ ప్రవేశపెట్టిన మూడు నెలలకే రాష్ట్రమున ఓటమి సంపూర్ణముగా నిర్మూలింపబడినది.' కవాతులో ఓడిన కుర్రాళ్లని పిలిచి శాలువాలు కప్పారు. అయితే ఓటమి లేకపోతే గెలుపు ఎవరిదో తేలదు కదా. దానికీ మార్గం చూశారు. ఎవరూ ఔట్ కాని ఆటలో సంభాషణ మార్కులు ఎవరికి ఎక్కువైతే వాళ్లదే గెలుపు.

ఈ ఏర్పాటుతో పులకించిపోయినవాడు జిల్లాకేంద్రం జట్టు కోచ్ పుల్లేటికుర్తి ఆనందరావు. ఆయన పూర్వం వక్తృత్వ పోటీల్లో కప్పులు కొట్టిన మనిషి. ఖోఖోలో ఎంతమంది ఆడతారో ఆయనకి సరిగ్గా తెలియదని గిట్టనివాళ్లు అంటారు. ఆయన జట్టు పరుగెత్తడం ఎప్పుడో మానేసింది. వాళ్ల ఖోలో ఉపోద్ఘాతం, రెండు సామెతలు, ఒక పద్యపాదం ఉండేవి. ఒకసారి ఒక్క ఖో మొదలుపెడితే ఆట సమయం అయిపోయింది, కృతజ్ఞతలు బస్సులో చెప్పుకున్నారు. మార్కులు నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి.

తుమ్మలరేవుకి వచ్చినవి నాలుగు. టీచరు భాష పామరంగా ఉందని మండలి తేల్చింది. అందుకని ఆవిడ మాట పిల్లలకి నేరుగా తగలకుండా విశ్వంభరం గారే సమన్వయకర్తగా మధ్యలో నిలబడటం మొదలుపెట్టారు.

"ఊ" అంది భ్రమరాంబ.

"గౌరవ శిక్షకురాలు మీ వేగము పట్ల హర్షము వెలిబుచ్చుచు, దానిని మరికొంత పెంపొందించుకొను విషయమును పరిశీలింపుమని సూచించుచున్నారు" అన్నారు విశ్వంభరం గారు పిల్లలవైపు తిరిగి.

భ్రమరాంబ దగ్గింది. విశ్వంభరం గారు చాలాసేపు ఆలోచించి, "శిక్షకురాలికి జలుబు చేసినది" అన్నారు.

ఇలా అయితే షెడ్డు ఖాయమని జయప్రసన్నకి అర్థమైపోయింది. ఏడుస్తూ రేవుకి పోయి మేనమామతో చెప్పుకుంది. సుంకర పోలయ్య రేవులో చేపల వేలంపాట పాడే మనిషి. ఒక్క ఊపిరిలో చేప పేరు, పడవ పేరు, పట్టినవాడి పేరు, పాడినవాడి పేరు, వాడి తండ్రి పేరు చెప్పేసి, ఇంకా మిగిలిన గాలితో చుట్ట ఊదగలడు. మేనకోడలి ఏడుపు విని తిన్నగా స్కూలుకొచ్చాడు.

"ఇంతోటి దానికి ఇంత బెంగేటండీ టీచరుగారూ?" అన్నాడు తలపాగా విప్పి. "మాటలు తగ్గించమంటే కట్టం గానండి, బోల్డు మాటలు తొరగా అనమంటే అది మా ఇంట పుట్టిన ఇద్దెండి. మీ కాయితంలో మాటలనమన్నారు గానీ, నెమ్మదిగా అనమన్నారా?"

భ్రమరాంబ ఉత్తర్వు తీసి మళ్లీ చదివింది. ఎక్కడా అనలేదు. ఆవిడ మొహంలో నవ్వు కనిపించడం పిల్లలు చూసింది ఆ రోజే.

"ఊ" అంది.

అప్పటినుంచి తెల్లారగానే తొమ్మిదిమంది పిల్లలూ రేవులో హాజరు. "ముక్కుతో పీల్సకండే, నోరు ముయ్యకండే" అని చేపల గంపల మధ్య తిరుగుతూ పోలయ్య పాఠం చెప్పేవాడు. "మాట సివర నిలబడ్డారా, బేరం పక్కోడు ఎగరేసుకుపోతాడు. జారిపోవాల, అంతే! ఏవే పిల్లా, గౌరవనీయురాలు దగ్గర ఆగిపోతన్నావేటి? ఆవిడ నీకేటవుద్ది?"

"ఏమీ అవదు మావయ్యా."

"మరయితే ఎల్లిపో!"

మూడు వారాలకి నాలుగంగాల ఖో రెండు క్షణాల్లోకి వచ్చింది. రమ్య అంగీకారమైతే తుమ్మినంత సేపు కూడా పట్టేది కాదు. గంపలు సర్దుకుంటున్న ఆడవాళ్లు వినివిని, ఇళ్లకెళ్లి పిల్లల్ని అదే పాటలో అన్నానికి పిలవసాగారు.

జిల్లాకి రెండేసి జట్లు వచ్చిన రాష్ట్ర పోటీల్లో తుమ్మలరేవు పాట మొదలయ్యేసరికి అవతలి జట్లు కళ్లు తేలేశాయి. నడవడం అలవాటు పడ్డ పిల్లలు పరుగు గుర్తు తెచ్చుకునేలోపే ఔటయిపోతున్నారు. సెమీఫైనల్లో తుమ్మలరేవుకి ఆరు, అవతలివాళ్లకి సున్నా. మాటల మీటరు ఏడువేలు దాటి, సన్నగా పొగ వదిలి, ఆగిపోయింది. విశ్వంభరం గారు దాన్ని మెడలోంచి తీసి మంచినీళ్లు చల్లారు. స్టాండులో జనం ఈలలు వేశారు. జనం ఖోఖోకి ఈల వేసి చాలా నెలలైంది.

ఆనందరావు ఊరుకుంటాడా? మండలికి పదహారు పేజీల విజ్ఞాపన ఇచ్చుకున్నాడు. ఫైనల్ రోజు పొద్దున్నే కొత్త ఉత్తర్వు వచ్చింది: 'అతివేగ సంభాషణ నిషేధింపబడినది. ప్రతి పదమునకు పిమ్మట, శ్రోత ఆ పదమును ఆస్వాదించుటకు తగిన వ్యవధి ఇవ్వవలెను.'

పోలయ్య ఆ కాగితం విని ఉమ్మేశాడు. "మాటని ఆస్వాదించడమేటండీ, మాటేవన్నా మాగాయా?"

ఫైనల్లో రెండు జట్లూ సంభాషించుకున్నాయి. మొదట ఆనందరావు జట్టు తరిమింది, అంటే ఒక ఖో ఇచ్చింది. ఆ తరవాత తుమ్మలరేవు వంతు. తొమ్మిది నిమిషాల్లో ఎనిమిది అయిపోయాయి. సున్నా సున్నా. మార్కుల బోర్డు మీద జిల్లాకేంద్రానికి తొంభై ఏడు, తుమ్మలరేవుకి ముప్ఫై ఒకటి. ఒక్కళ్లు ఔటయితే గెలుపు, లేకపోతే షెడ్డు.

జయప్రసన్న తరుముతోంది. ఎదర జట్టు పిల్ల వరస దాటి అటువైపు పోయింది. రెండడుగులు నడిచి, సరిగ్గా కూర్చున్న రమ్య ముందు ఆగి, రిబ్బను ముడి వేసుకోవడం మొదలుపెట్టింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. వరస మధ్యలోంచి దూరకూడదు కాబట్టి జయప్రసన్న చేయగలిగింది ఒక్కటే. రమ్య వెనక ఆగి, వీపు మీద చెయ్యేసింది.

"గౌరవనీయురాలైన..." అని ఆగింది. రమ్య ఆ పదాన్ని ఆస్వాదించింది. "...సహక్రీడాకారిణి..."

జయప్రసన్న కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి, అయినా రూలు తప్పడం లేదు. "...గారికి..." గడియారంలో ఇరవై క్షణాలున్నాయి. అవతలి పిల్ల రెండో రిబ్బను అందుకుంది.

భ్రమరాంబకి ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో దాచుకున్న గొంతంతా ఒక్కసారిగా పైకొచ్చింది.

"ఖో అనవే తల్లీ!"

"గౌరవ శిక్షకురాలు తమ మనోభావములను..." అని విశ్వంభరం గారు అలవాటుగా అందుకున్నారు. ఆవిడ అరచేత్తో ఆయన నోరు మూసేసింది. ఆయన అరచేతి వెనక నుంచి మర్యాదగా ఏదో అంటూనే ఉన్నారు.

"ఎవడేమన్నా నేను చూసుకుంటాను! ఖో అను! ఖో! ఖో!"

"ఖో!" అని అరిచింది జయప్రసన్న.

రమ్య బాణంలా లేచి చెయ్యి చాపింది. అంపైరు ముసలాయన ముందూ వెనకా చూడకుండా విజిల్ ఊది వేలెత్తేశాడు. నలభై ఏళ్ల అలవాటు, ఎక్కడికి పోతుంది? స్టాండంతా లేచింది. పోలయ్య తలపాగా ఎగరేస్తే వెళ్లి మండలి సభ్యుల వేదిక మీద పడింది. ఔటయిన పిల్ల రిబ్బను అక్కడే పారేసి రమ్యని కావలించుకుంది.

"అబ్బ, ఎన్నాళ్లకి అక్కా ఎవరో ఒకళ్లు పట్టుకున్నారు!" అంది.

మండలి నిర్ఘాంతపోయింది. వివరణ లేని ఖో ఒక నేరం. సాక్షాత్తూ సంభాషణాధికారి నోరు మూయడం ఇంకా పెద్ద నేరం. గెలుపు రద్దు చేయాలన్నారు. కానీ అంపైరు స్కోరు పత్రం మీద సంతకం పెట్టేశాడు, దాన్ని కొట్టేయాలంటే విచారణ జరగాలి. విచారణ తేలేవరకు తుమ్మలరేవు పిల్లలకి తాత్కాలిక ధ్రువపత్రాలు ఇచ్చారు. అడుగున ఎర్ర అక్షరాలతో ఉంది: 'విచారణ ముగియు వరకు మాత్రమే చెల్లును.'

కాలేజీవాళ్లు ఆ ధ్రువపత్రం చూసి జయప్రసన్నకి సీటిచ్చారు, హాస్టలిచ్చారు. పెట్టె సర్దుకుంటూ కూడా ఆ పిల్ల బిక్కుబిక్కుమంటూనే ఉంది. "ఇచారణ అయిపోతే నన్ను తీసేస్తారాండీ?" అంది.

భ్రమరాంబ నెలరోజులు నిద్ర లేకుండా గడిపి, చివరికి మండలికి ఫోను చేసింది.

"విచారణ మిక్కిలి ఆదర్శవంతముగా సాగుచున్నది" అన్నారు విశ్వంభరం గారు ఉత్సాహంగా. "సభ్యులందరూ నాలుగంగముల పద్ధతినే పాటించవలెనని తీర్మానించితిమి. ప్రతి వాక్యమును తక్కిన ఎనమండుగురూ తిరిగి చెప్పి, అంగీకారము తెలిపిన పిదపనే తదుపరి వాక్యము. ప్రస్తుతము అధ్యక్షులవారి నమస్కారము సభ్యులకు అందినది."

భ్రమరాంబ ఫోను పెట్టేసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఏటా జూన్‌లో ఆవిడ ఫోను చేసేది. జయప్రసన్న ఇంటరు పాసైంది. డిగ్రీలో చేరింది, యూనివర్సిటీ జట్టుకి ఆడింది. వాళ్లమ్మ షెడ్డు మానేసింది. అయిదో ఏడు డిగ్రీ అయ్యాక మిఠాయి పొట్లం పట్టుకుని టీచరింటికొచ్చి, దగ్గర కూర్చుని తనే నంబరు నొక్కి ఇచ్చింది.

"నమస్కారమండీ. విచారణ ఎంతవరకు వచ్చింది?" అంది భ్రమరాంబ.

"మూడవ సభ్యులవారు తెలిపిన కారణమును నాలుగవ సభ్యులవారు తమ మాటలలో తిరిగి చెప్పుచున్నారు. కించిత్ పొరపాటు దొర్లినందున మరల మొదటినుండి ప్రారంభించితిమి. జాప్యమునకు క్షంతవ్యులము. తొందరచేయవలెనా మేడమ్?"

"అయ్యో, అంతమాటా! తొందరేం లేదండీ. నిదానంగా మాట్లాడుకోమనండి. ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమవ్వాలి కదండీ. మధ్యలో ఎవరికైనా సందేహం వస్తే మళ్లీ మొదలెట్టమనండి, మొహమాటపడొద్దు."

అవతల విశ్వంభరం గారి గొంతు గద్గదమైంది. "మేడమ్, తమ సంభాషణా నైపుణ్యము గణనీయముగా వృద్ధి చెందినది."

"అంతా మండలి చలవేనండి" అని భ్రమరాంబ ఫోను పెట్టేసింది. జయప్రసన్న ఊపిరి బిగబట్టి ఆవిడ మొహంలోకి చూస్తోంది.

"డ్రిల్లు టీచర్ల కోర్సు బీపీఎడ్‌కి అప్లికేషన్ పెట్టెయ్" అంది భ్రమరాంబ. "ఇంకో రెండేళ్లు ఢోకా లేదు."